కుమ్మరి పురుగులకు మట్టి ఎక్కడిది

అమీర్‌పేటలో నేను అద్దెకున్న రోజుల్లో కొత్త మనిషిని అడిగే మొదటి ప్రశ్న పేరు కాదు, ఊరూ కాదు. ‘ఏం కోర్సు?’ అని. టీ బండి దగ్గరా అదే, జిరాక్సు షాపులోనూ అదే. మెస్సులో సాంబారు పోసే ఆవిడ కూడా గరిటె ఆపి మరీ అడిగేది. జావా అంటే కళ్లు మెరిసేవి. టెస్టింగ్ అంటే, పోన్లే, అందులోనూ ఓపెనింగ్సు ఉన్నాయట అని ధైర్యం చెప్పేవారు. నేను పురుగుల మీద పీహెచ్‌డీ చేస్తున్నానని చెప్పేదాన్ని. ఇంట్లో పరిస్థితులేమైనా బాగాలేవా అన్నట్టు చూసేవారు. ఒకాయనైతే, ఎలాంటి డిగ్రీ వాళ్లనైనా చేర్చుకునే ఇన్‌స్టిట్యూటు ఒకటుందని, తన పేరు చెబితే డిస్కౌంటు ఇస్తారని నా చేతిలో పాంప్లెట్టు పెట్టి వెళ్లాడు.

ఏం చెయ్యను మరి. దేశమంతా కంప్యూటర్ల ముందు కూర్చుంటుంటే నేను గోడల ముందు కూర్చున్నాను. నా పురుగు కుమ్మరి పురుగు. అందరూ చూసే ఉంటారు. నల్లటి ఒళ్లు, మీద పసుపు పట్టీలు, దారంలాంటి నడుము. తడిమట్టి ఉండలు నోట కరుచుకొచ్చి స్విచ్చిబోర్డు పక్కనో, దేవుడి పటం వెనకో చిన్న చిన్న గదులు కడుతుంది. సాలీళ్లను కుట్టి, కదలకుండా చేసి ఆ గదుల్లో కుక్కుతుంది. గుడ్డు పెడుతుంది, మూత వేస్తుంది, వెళ్లిపోతుంది. పిల్ల ఆ సాలీళ్లను తిని పెరిగి, గోడ తొలుచుకుని బయటికొస్తుంది. ఇంత పద్ధతిగా సంసారం చేసుకునే ప్రాణికి, ఊరంతా సిమెంటు పోసేస్తున్న కాలంలో మట్టి ఎక్కడ దొరుకుతోంది? అదీ నా పరిశోధన. మా గైడు ఈ ప్రశ్నతో పాటు నాకో సూత్రం కూడా ఇచ్చారు. ‘చూడు, రాసుకో, తల దూర్చకు.’ ఆయన దగ్గర ఉన్నన్నాళ్లలో ఇంతకన్నా పొడుగాటి సలహా విన్నట్టు గుర్తు లేదు.

పంజాగుట్టలో ఫ్లైఓవర్ కోసం తవ్విన గోతుల పక్కన, ఎస్.ఆర్. నగర్‌లో బోరు వేసి వదిలేసిన బురద పక్కన, అపార్టుమెంట్ల పునాదుల దగ్గర చెంచాతో మట్టి ఎత్తి సీసాల్లో పోసుకునేదాన్ని. వాచ్‌మన్లలో కొందరు నన్ను వాస్తు చూసే మనిషి అనుకుని నమస్కారం పెట్టారు. కొందరు పిచ్చిదనుకుని గేటు వేసుకున్నారు. సైన్సు అనుకున్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

నేనుండేది పెంట్‌హౌస్‌లో. టులెట్ బోర్డు మీద అలాగే రాశారు. చూడబోతే మేడ మీద రేకుల గది, దాన్ని ఆనుకుని నీళ్ల ట్యాంకు, ట్యాంకు నిండినప్పుడల్లా నా గుమ్మంలోకి వచ్చి పలకరించే నీళ్లు. ఇంటివాళ్లు ఇక్కడి వాళ్లే. ఇంటావిడ మామగారు ఒకప్పుడు జొన్న పండించిన చోట ఇప్పుడు మూడంతస్తులు లేచాయి. కింది రెండింట్లో కోచింగు పిల్లలు పండేవారు. పై అంతస్తులో ఇంటావిడ, కొడుకు, కోడలు.

కొడుకూ కోడలూ ఇద్దరూ సాఫ్ట్‌వేరే. అతనిది అమెరికా టైమింగు, ఆమెది ఇండియా టైమింగు. అతను క్యాబ్ దిగుతుంటే ఆమె క్యాబ్ ఎక్కేది. గేటు దగ్గర ఒకరికొకరు టిఫిన్ ఏముందో చెప్పుకునేవారు. పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదని చుట్టాలంతా ముక్కున వేలేసుకునేవారు. జీవుల ప్రవర్తన చదువుకున్నదాన్ని కాబట్టి కారణం నాకు గేటు దగ్గరే కనబడేది. కానీ నన్నెవరూ అడగలేదు. అందరూ కోడలినే అడిగేవారు.

అందరికన్నా గట్టిగా అడిగేది మేనత్త. అంటే ఇంటావిడ ఆడబిడ్డ, లక్డీకాపూల్ వైపు ఉండేది. ఆదివారం వస్తే చాలు, ఆటోలో దిగేది. తన అత్తగారి ఊళ్లో ఒక పిల్ల ఉందని, చదువు తక్కువైనా ఒడ్డూ పొడుగూ బాగుంటుందని, అవతలివాళ్లు రెండో సంబంధానికైనా సిద్ధంగా ఉన్నారని, కోడలు టీ కప్పు చేతికిస్తుండగానే చెప్పేది. కప్పు మాత్రం వదిలేది కాదు.

ఆమె నోటికి తాళం వేసింది నా పురుగే. కుమ్మరి పురుగు గూడు పెట్టిన ఇంట్లో పిల్లలు పుడతారని నమ్మకం ఉంది కదా. మా గుంటూరు వైపూ ఉంది, ఇక్కడా ఉంది. మేనత్త నమ్మకం ఇంకాస్త పెద్దది. గూళ్లు కడుతున్నన్నాళ్లూ ఆ ఇంట్లో గొడ్రాలనే మాట గానీ, మారు మనువు మాట గానీ ఎత్తకూడదట, ఎత్తితే అచ్చిరాదట. కోడలి గది స్విచ్చిబోర్డు పక్కన మొదటి గూడు కనబడ్డ ఆదివారం ఆ తల్లి టీ తాగి, బిస్కెట్టు తిని, వానల గురించి మాట్లాడి వెళ్లిపోయింది. కోడలు గోడ వంకా, మేనత్త వెళ్లిన గుమ్మం వంకా మార్చి మార్చి చూసింది. నేనూ అక్కడే ఉన్నాను. కానీ నేను చూసింది గూడును.

ఇంటావిడ ఆ రోజే నన్ను పిలిచి గట్టిగా చెప్పింది. “నీ సదువు నువ్వు సదువుకో బిడ్డా. గూడును మాత్రం ముట్టకు. గోరు సుత తగలనియ్యకు.” పిల్లలు ఎగిరిపోయిన ఖాళీ గూళ్లు మాత్రం తీసుకోవచ్చు. అలా నా డాక్టరేటు ఆ ఇంటి కోడలి కడుపుతో ముడిపడింది. ఇలాంటి ముడి ఇంకే దేశంలోనైనా ఏ శాస్త్రవేత్తకైనా పడిందేమో నాకు తెలీదు.

ఆ తర్వాత కోడలు బట్టలారెయ్యడానికి మేడ మీదికి వచ్చినప్పుడల్లా నా గుమ్మం దగ్గర ఆగడం మొదలుపెట్టింది. మట్టి కోసం ఎంత దూరం పోతాయక్కా అని అడిగేది. ఎలాంటి మట్టంటే ఇష్టం, ఎంత తడి ఉండాలి, తడి ఆరిపోతే ఏం చేస్తాయి? జన్మలో మొదటిసారి నాకొక శిష్యురాలు దొరికింది. ఇంక నా నోటికి అడ్డేముంది? మెత్తటి జిగట మట్టి కావాలన్నాను. నీడలో ఉంటే మరీ మంచిదన్నాను. దగ్గర్లో ఉంటే ఎక్కువ గూళ్లు కడతాయని, మట్టి ఎండిందంటే ఆ చోటు వదిలేసి పోతాయని విడమరిచి చెప్పాను. ఆమె ఆఫీసు మీటింగులో కూర్చున్నంత శ్రద్ధగా వినేది. ఎంత జిజ్ఞాస, జావా తినేయకపోతే ఎంత మంచి సైంటిస్టు అయ్యేదో అని నేను బాధపడ్డాను కూడా.

వినాయక చవితి వచ్చింది. ఇంటావిడకు రంగుల బొమ్మలు పనికిరావు. మట్టి గణపతే కావాలి, కిరీటానికి మాత్రం కాస్త బంగారు రంగు పొడి అద్దించేది. పూజలయ్యాక నిమజ్జనానికి తనే తీసుకెళతానని కోడలు ముందుకొచ్చింది. ఆఫీసు సికింద్రాబాద్ వైపే, క్యాబ్ హుస్సేన్‌సాగర్ పక్కనుంచే పోతుంది. పీట మీద గణపతిని పెట్టుకుని, అక్షింతలు వేయించుకుని బయల్దేరింది. అత్తగారు గేటు దాకా వచ్చి సాగనంపింది.

ఆ తర్వాత మా ఇంటికి కుమ్మరి పురుగుల బూమ్ వచ్చింది. వంటింట్లో గూళ్లు, వరండాలో గూళ్లు, కరెంటు మీటరు మీద గూళ్లు. అప్పటిదాకా ఆ చుట్టుపక్కల గూళ్లన్నీ పునాదుల్లోంచి వచ్చే ఎర్ర మొరంతో కట్టినవే. ఇవి బూడిద రంగువి, వెన్నలాగా నునుపు. భూతద్దం పెట్టి చూస్తే అక్కడక్కడా బంగారు నలుసులు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అలాంటి చెరువు బంకమట్టి అమీర్‌పేట మొత్తంలో లేదు, చెంచాతో తవ్వి చూసినదాన్ని నాకు తెలీదా? బంకమట్టి, పైగా బంగారు రంగు. ఇంకెక్కడిది? నిమజ్జనం చేసిన విగ్రహాలది. అంటే హుస్సేన్‌సాగర్‌ది. మనుషులు పంజాగుట్ట సిగ్నల్ దాటలేక తిట్టుకుంటుంటే నా పురుగు చిటికెడు మట్టి కోసం హుస్సేన్‌సాగర్ దాకా పోయొస్తోందన్నమాట!

మా గైడు విని కుర్చీలోంచి లేచారు. ఆయన లేవడం నేను అదే చూడటం. డిపార్టుమెంటులో సెమినార్ పెట్టించారు. మ్యాపు మీద అమీర్‌పేట నుంచి చెరువు దాకా ఎర్ర బాణం గీసి చూపించాను. చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో మా ఇంటి పురుగుల వీపు మీద గులాబీ రంగు ముగ్గుపొడి అద్ది, మధ్యాహ్నాలు నెక్లెస్ రోడ్డు మీద బైనాక్యులర్స్‌తో కూర్చున్నాను. చుట్టూ జంటలు. ఎవరి అక్కో ఎవరి కోసమో కాపు కాసిందనుకుని అబ్బాయిలు హెల్మెట్లు పెట్టుకునేవారు. గులాబీ పురుగు మాత్రం ఒక్కటీ రాలేదు. రాకపోతే ఏమైంది, నేను లేని వేళ చూసుకుని వస్తోందని సర్దుకున్నాను. చప్పట్లు విన్న బుర్ర అంతకన్నా ఏం ఆలోచిస్తుంది?

ఒక ఉదయం మేడ మీద పళ్లు తోముకుంటుంటే గులాబీ వీపు పురుగొకటి నా చెవి పక్కనుంచి వెళ్లింది. చెరువు వైపు కాదు, ట్యాంకు వెనక్కి. బ్రష్షు నోట్లోనే పెట్టుకుని వెనకే వెళ్లాను. ట్యాంకు నీడలో పాత బట్టల టబ్బు. అందులో నడుము దాకా కరిగిపోయి గణపతి. ఒక చెవి మిగిలింది, బంగారు కిరీటం కాస్త పక్కకి వాలింది. టబ్బు అంచు చుట్టూ నా పురుగులు తలలు వంచుకుని బుద్ధిగా మట్టి ఉండలు చేసుకుంటున్నాయి. నా గది గుమ్మం మీద నిలబడి చెయ్యి చాస్తే ట్యాంకు తగులుతుంది. చప్పట్లు కొట్టించుకున్న హుస్సేన్‌సాగర్ ఇదీ.

మెట్ల మీద చప్పుడైంది. కోడలు. మెడలో ఐడీ కార్డు, చేతిలో మగ్గు నిండా నీళ్లు. నన్ను చూసి ఆగింది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. నా సెమినారు, నా మ్యాపు, నా ఎర్ర బాణం, నా పరువు అన్నీ ఈ టబ్బులో కలిపేశావు కదా అని కడిగేశాను. నోట్లో నురగ ఉండటం వల్ల సగం మాటలు సరిగా రాలేదు. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు.

“నువ్వే చెప్పినవ్ గదక్కా, మట్టి ఎండితే పోతయని. ఇవి పోయిన్నాడు నేను సుత పోవాలె.”

కింద క్యాబ్ హారన్ కొట్టింది. ఆమె వంగి, కిరీటం మీద పడకుండా చుట్టూ నీళ్లు పోసి, మగ్గు బోర్లించి వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడ్డాను. ఏడుపొచ్చింది. అది థీసిస్ కోసమో, ఆ పిల్ల కోసమో అప్పుడు నాకు తెలియలేదు.

గైడుకు చెప్పక తప్పలేదు. ఆయన కళ్లద్దాలు తీసి మరీ నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, ఉపాయం చెప్పారు. ఇంటావిడతో చెప్పి ఆ టబ్బు తీయించెయ్యి, మట్టి లేకపోతే గూళ్లు ఎలా ఆగిపోతాయో రాసుకో, పట్నంలో ఈ పురుగు బతుకంతా మట్టి మీదే ఉందని రుజువవుతుంది, సెమినార్ పోతే పోయింది, థీసిస్ నిలబడుతుంది అన్నారు. లేదంటే ఈ ఇల్లు వదిలేసి వేరే చోట మళ్లీ మొదలు. ఇంకో ఏడాది, అదీ ఫెలోషిప్ లేకుండా. ఆయన చెప్పింది శుభ్రమైన సైన్సు. నాకు ఒక్క వంక కూడా దొరకలేదు, అందుకే ఒళ్లు మండింది.

ఆ ఆదివారం మేనత్త గోడలన్నీ కలియజూసి, నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. “చలి ముదిరితే ఇవి గూళ్లు కట్టుడు ఆపుతయంట గద బిడ్డా? సదువుకున్నదానివి, నువ్వు చెప్పు.” కోడలు ట్రే పట్టుకుని నిలబడి ఉంది. జీవితంలో మొదటిసారి నా చదువు ఒకరికి పనికొచ్చిన సందర్భం, చూడండి ఎక్కడొచ్చిందో. “ఈ ఊళ్లో చలెక్కడుందండీ” అన్నాను. మేనత్త కప్పు కింద పెట్టింది. సరే, ఆగినంక మాట్లాడుదం అంది.

అంతలో ఆఫీసువాళ్లు కోడల్ని ట్రైనింగు కోసం చెన్నై పంపారు. బయల్దేరే ముందు మేడ మీదికి వచ్చి టబ్బు నింపింది. నా వంక చూసింది. ఏమీ అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పాల్సొచ్చేది, నన్ను ఆ ఇబ్బంది కూడా పెట్టకుండా వెళ్లిపోయింది.

నేను గదిలో కూర్చుని ఆలోచించాను. ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉంటుందా? నేను టబ్బు తీయక్కర్లేదు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఎండే ఆరబెడుతుంది. గూళ్లు వాటంతటవే ఆగుతాయి. నేను చూడాలి, రాసుకోవాలి, తల దూర్చకూడదు. నా చేతులకు మట్టి అంటకుండా నాకు డాక్టరేటు, మేనత్త ఊరి పిల్లకి మొగుడు. ఆ పక్కకి వెళితే మనసు మారుతుందేమోనని కొన్నాళ్లు ట్యాంకు వెనక్కి తొంగి చూడలేదు.

కానీ గూళ్లు ఆగలేదు. పొద్దున లేచేసరికి ఎక్కడో ఒకచోట బూడిద రంగు తడి గూడు కనబడుతూనే ఉంది. వెళ్లి చూశాను. టబ్బులో మట్టి పొద్దుటి మంచులో తడిసినట్టు కాదు, నీళ్లు పోసినట్టే ఉంది. మర్నాడు తెల్లవారగానే ట్యాంకు పక్కన కూర్చున్నాను. పూజ ముగించుకుని, చెంబు పట్టుకుని, మోకాళ్లు పట్టుకుంటూ ఇంటావిడ పైకి వచ్చింది. నన్ను చూసి ఏమీ కంగారు పడలేదు. చెంబు వంచి, కిరీటం మీద పడకుండా చుట్టూ పోసింది.

మీకు తెలుసా ఆంటీ అన్నాను. పక్కన చతికిలబడింది.

“మొదటిసందే ఎరికే బిడ్డా. నిమజ్జనం జేసినోళ్లు పీట మీద జరంత చెర్ల మట్టి తెస్తరు. అది ఖాళీ పీట తెచ్చింది, బరువు సంచి మోసుకొని మేడెక్కింది.” కాసేపు ఊపిరి తీసుకుంది. “వాడు రాత్రంత డ్యూటీ, ఇది పొద్దంత డ్యూటీ. పిల్లలు ఏడికెల్లి అయితరు? గీ ముచ్చట మా ఆడిబిడ్డకు నేనెట్ల చెప్పాలె?”

గేటు దగ్గర నాకొక్కదానికే కనబడిందనుకున్న రహస్యం ఇది.

“నాకు సుత శాన ఏండ్లు కాలె,” అంది. “అప్పుడు గోడలకు మస్తు గూళ్లు పెట్టేటియి. మా అత్త పొద్దున్నే చీపురు పట్టుకొని అన్ని దులిపేది. గూడుంటే నన్ను అనరాదు గద. మా ఆడిబిడ్డ అప్పుడు చిన్నది. గక్కడొకటున్నదమ్మా, గిక్కడొకటున్నదమ్మా అని పక్కన నిలబడి చూపిచ్చేది.”

చెంబు నా ముందు పెట్టింది. మర్నాడు తను తమ్ముడి కూతురి పెళ్లికి పోతోందట. వారం దాకా రాదు. కోడలా, ఇంకా రాలేదాయె.

“నువ్వు పోస్తవా బిడ్డా? కిరీటం మీద పడనియ్యకు.”

గైడు మొహం గుర్తొచ్చింది. ఇంకో ఏడాది గుర్తొచ్చింది. ఫెలోషిప్ లేని నెలల్లో మెస్సు ఆవిడ పోసే సాంబారు కూడా గుర్తొచ్చింది. సరే ఆంటీ అన్నాను. తర్వాత సీసాలు సర్దుకుని సోమాజిగూడ వైపు పాత బంగళాల్లో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఏడాది అనుకున్నది ఏడాదిన్నర పట్టింది. థీసిస్‌లో మా ఇంటి ప్రస్తావన లేదు. పరిశోధకురాలు తల దూర్చిన చోటు లెక్కలోకి రాదు కదా.

ఇంటావిడ పెళ్లికి వెళ్లిన వారంలో, ఆదివారం మేనత్త ఆటో దిగేసరికి అత్తా లేదు, కోడలూ లేదు. కొడుకు గదిలో పడుకుని నిద్రపోతున్నాడు. నేనే కిందికి వెళ్లి తలుపు తీశాను. పొద్దున్నే నీళ్లు పోసి వచ్చాను కాబట్టి హాల్లో స్విచ్చిబోర్డు పక్కన కొత్త గూడు ఇంకా తడిగా ఉంది. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. నేను టీ పెట్టి తెచ్చాను. టీ తాగి, బిస్కెట్టు తిని, ఈసారి చలి అసలే లేదని చెప్పి వెళ్లిపోయింది.